ఏమీ పెరగని గాజు పళ్లెం

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకైతే చెప్పగలననిపిస్తోంది.

డెబ్బైలలో విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. సైనస్ రోగులకు డాక్టరుగారు ముక్కులోంచి సూది గుచ్చి, లోపల కడిగి, ఆ నీళ్లు సీసాలో మాకు పంపేవారు. గొర్రె రక్తం కలిపిన జెల్లీ పోసిన గాజు పళ్లెం మీద అది పూసి, రెండు రోజులు వెచ్చగా ఉంచేవాణ్ణి. బాక్టీరియా ఉంటే చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. చాలా పళ్లేల్లో ఏమీ పెరిగేది కాదు. ఆ మాటే రాసి పంపితే డాక్టరుగారికి కోపం. నాకు పని రాదని మా ఓనరుకు కబురు పెట్టేవారు. రెండుసార్లు మాట పడ్డాను. ఆ తర్వాత ఖాళీ పళ్లెం కనబడితే చాలు, ముక్కులో మామూలుగా ఉండే బాక్టీరియా పేరు ఒకటి రాసేయడం మొదలుపెట్టాను. భయమా? పొగరా? రెండూనేమో.

కరుణమ్మ టీచరుగారిది భవానీపురం. చర్చిలో పాటలు ఆవిడే నేర్పేవారు. ఏడాదిగా ముఖమంతా నొప్పి, ముక్కు దిబ్బడ. ఆవిడ పళ్లెం రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ ఖాళీయే. రిపోర్టు కోసం ఆవిడే వచ్చారు.

“పడిశం పట్టినప్పుడల్లా తిరగబెడతందండీ. ఏవన్నా దొరికిందా?”

“దొరికిందండీ.”

“హమ్మయ్య! ఇంట్లో అందరూ నా భ్రమేనంటన్నారు బాబూ. ఇదిగో, చూపిస్తాను వాళ్లకి.”

ఆ కాగితం మీద బాక్టీరియా పేరుతో పాటు, అది స్ట్రెప్టోమైసిన్‌కు లొంగుతుందని కూడా రాశాను. లేనిదానికి మందు కూడా నేనే చెప్పాను. ఆవిడ సంతోషం చూసి నేనూ సంతోషించాను, సిగ్గులేకుండా.

పడిశం వైరస్ వల్ల వస్తుందనీ, వైరస్ నా పళ్లెంలో పెరగదనీ చదువుకున్నవాణ్ణే. పడిశం తర్వాత వచ్చిన సీసాలే ఎక్కువగా ఖాళీ అని గమనించాను కూడా. లోపల తిష్ఠ వేసింది ఆ వైరసేనేమోనని ఒక్కసారైనా అనిపించలేదా? అనిపించింది. ఇప్పటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేని సంగతి అప్పుడు నాకేం తెలుస్తుందిలే అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కానీ నన్నెవరూ వైరస్‌ను పట్టమనలేదు. చూసింది రాయమన్నారు, అంతే.

ఆవిడకు వారాల తరబడి ఆ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లే పొడిచారు. చెవులను దెబ్బతీసే మందు అది. తల తిరగడం, చెవుల్లో హోరు, చివరికి వినికిడే పోయింది. నొప్పి మాత్రం పోలేదు. పాటలు మానేశారని ల్యాబ్‌లో ఎవరో అంటే విన్నాను. ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

ఏడాది తర్వాత బస్టాండులో ఆవిడే నన్ను గుర్తుపట్టారు. సంచీలోంచి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసి ఇచ్చారు.

“వినబడదు బాబూ, రాయండి.”

‘బాగున్నారా అండీ’ అని రాశాను.

చదివి నవ్వారు. “మీరు కనిపెట్టబట్టి ఈమాత్రమైనా ఉన్నానండీ. లేకపోతే ఇంకా ఏమయ్యేదో!”

పెన్సిలు ఇంకా నా చేతిలోనే ఉంది. నిజం రాయడానికి ఒక్క వాక్యం చాలు. తిరిగి ఇచ్చేశాను.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నన్ను క్షమించగలిగింది ఆవిడొక్కరే, మీరు కాదు. అది అడగడానికి రాయలేదు కూడా. ఇవాళ రాశాను, కాస్త ఊపిరాడుతోంది.