పొట్టేలును కట్టిన యాక్సిల్ రాడ్డు

పుట్టింట్లో పది రోజులుండి నిడుగల్లులో అత్తింటికి తిరిగొచ్చేసరికి, మొక్కుబడి పొట్టేలు ఒక్కటి తప్ప నా గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. దాని ముందు ఒక పాత జీపు నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు కొత్తగా వేసినట్టున్నారు, ఎండకు తళతళలాడుతోంది. పెళ్ళిలో మా నాన్న ఇచ్చిన పది గొర్రెలు ఆరేళ్ళలో ముప్పై దాటాయి. మా గొర్రెల కాపర్లలో అలా ఇచ్చినవీ, వాటి పిల్లలూ ఆడపిల్ల సొత్తే. అత్తింటివాళ్ళు మేపుతారు గానీ అమ్మరు. నా మొగుడు అమ్మేశాడు. వానల్లేవు, మేత లేదు, చెనిక్కాయ పైరు పూతకు రాకముందే మాడిపోయింది, జీపుంటే పావగడకు మనుషుల్ని తోలి బతకొచ్చని ఆయన ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. నన్ను అడగలేదు, అంతే.

ఆ రోజునుంచి నేను ఆయనతో మాట మానేశాను. నాకు కోపమొస్తే అరవను. అరుపు అరగంటలో దిగిపోతుంది, మౌనం నెలల తరబడి నిలుస్తుంది. మామూలుగా కోడలు మామతో మొగుడి ద్వారా మాట్లాడాలి. మా ఇంట్లో అది తిరగబడింది. సంగటి పెట్టినానని చెప్పు మామా, అనేదాన్ని. మొగుడు మూడడుగుల దూరంలో పీట మీద కూర్చుని ఉండేవాడు. ఆ మూడడుగులూ నా మాటలు మోసి మోసి మా మామ అలిసిపోయాడు.

జీపును ఎంచింది కూడా మా మామే. సంతలో గొర్రెను ఎంచినట్టే ఎంచాడట. నడిపించి చూశాడు, వెనక నిలబడి నడుము నొక్కాడు. గొర్రెకు ఒక పక్క చూస్తే రెండో పక్క చూసినట్టే గనక, నడుం వంచి కింద ఏముందో చూడలేదు. పైన పటారం, లోన లొటారం అని మాకు రెండో నెలలో తెలిసింది.

మా ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వంక ఉంది. నీళ్ళుండవు, మోకాటిలోతు ఇసుక ఉంటుంది. ముందు చక్రాలకు కూడా గేరు తగిలించి, నాలుగు చక్రాల బలంతో నా మొగుడు ఆ ఇసుక దాటేవాడు. ఒక పొద్దున ఇసుక దాటి రాతి గట్టు ఎక్కుతుంటే వెనక ఫట్‌మని చప్పుడైంది. కుడి చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు విరిగిపోయింది. బయటి ముక్కను అక్కడే లాగి పక్కన పడేసి, ఎద్దులు కట్టి బండిని ఇంటికి ఈడ్చుకొచ్చారు. తర్వాత వెతికితే ఆ ముక్క కనపడలేదు. ఇసుకలో పూడిపోయిందనుకున్నాడు నా మొగుడు.

హిందూపురం పోయి, జీపు మోడలు చెప్పి, కొత్త రాడ్డు తెచ్చాడు. అది పూర్తిగా లోపలికి పోలేదు. అంగడివాడు తప్పిచ్చాడని తిట్టుకుంటూ తుమకూరు పోయి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే. పాత ముక్క తెస్తే చూసి ఇస్తామని రెండు చోట్లా చెప్పారట.

పాత ముక్క మా దొడ్డి వెనకే ఉంది. గొర్రెల కాపర్లు దారిలో ఇనుము కనపడితే వదలరు. విరిగింది ఇంకెందుకు పనికొస్తుందిలే అని మా మామ దాన్ని భుజానేసుకొచ్చి, పొట్టేలును కట్టే గూటంగా నేలలో దిగ్గొట్టాడు. నా మొగుడు దొడ్డి వెనక్కి పోడు, వెతికేది దీనికోసమేనని మామతో అనలేదు. ఆ పొట్టేలు దేవుడి మొక్కుది, అందుకే అమ్మకుండా మిగిలింది. రాడ్డు తల పళ్ళెంలాగా వెడల్పుగా ఉంటుంది, తాడు జారిపోదు. గూటానికి అంతకంటే ఏం కావాలి?

రోజూ పొట్టేలును కట్టేది నేనే. ఆ ఇనుము ఎక్కడిదో నాకు తెలుసు. తాడు రాపిడికి తుప్పు పోయి, తలకు జానెడు కింద చుట్టూ ఒక ఉబ్బు బయటపడింది. కాలు విరిగి అతుక్కున్న గొర్రె ఎముక మీద అలాంటి ఉబ్బే చేతికి తగులుతుంది. కొత్త రాడ్లు చూశాను, వాటికి ఆ ఉబ్బు లేదు. ఇందులో ఏదో ఉందని తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. వెతుక్కోనీ, నన్నడిగి అమ్మాడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం భలే సంతోషంగా ఉండేది.

ఒకరోజు పాత ఇనుము కొనేవాడు వచ్చి జీపు చుట్టూ తిరిగాడు. నా మొగుడు దిగాలుగా తలూపుతున్నాడు. జీపు తుక్కుకింద పోతే నా గొర్రెలు నిజంగానే ఊరికే పోయినట్టు. పరుగెత్తి గూటం పెరికి, తెచ్చి మా మామ కాళ్ళ దగ్గర పడేశాను. బండి అమ్మేదానికి లేదు, ముందు ఇది మేస్త్రికి చూపించమని చెప్పు మామా, అన్నాను.

పావగడ నుంచి మెకానిక్ మేస్త్రి వచ్చాడు. లోపల చిక్కుకున్న తునకను లాగి, నా గూటానికి ఆనించి, కొత్త రాడ్డు పక్కన పెట్టాడు. మాది నాలుగు వేళ్ళు పొట్టి. ఆ ఉబ్బును గోటితో గీరాడు, జీపు కింద దూరి యాక్సిల్ గొట్టాన్ని కూడా తడిమాడు. దానికీ ఒక పక్క అతుకుంది, రంగు కింద దాచారు.

"వెనక యాక్సిల్ జీపుదే కాదప్పా. యాదో వ్యాన్‌ది తెచ్చి, కోసి, కురస చేసి అతికించినారు" అన్నాడు.

ముందూ వెనకా యాక్సిళ్ళ మూతలు విప్పి, లోపలి గేరు చక్రాల పళ్ళు లెక్కపెట్టమన్నాడు. నా మొగుడు రెండుసార్లు లెక్క తప్పాడు. మందను లెక్కపెట్టిన దాన్ని, నేనే పెట్టాను. ముందు యాక్సిల్లో పెద్ద గేరుకు నలభై మూడు, చిన్నదానికి ఎనిమిది. వెనక నలభై ఒకటి, తొమ్మిది. అంటే ముందు చక్రాలది ఒక నడక, వెనకవాటిది ఇంకో నడక. ఇసుకలో జారి ఎలాగో సర్దుకుంటాయి, గట్టి నేలెక్కితే ఏదో ఒకటి విరగాల్సిందే అన్నాడు మేస్త్రి. ముందు చక్రాలకు పోయే కడ్డీ విప్పి పక్కన పెట్టించాడు. ఇక ఇసుకలో దిగబడితే ఎక్కినవాళ్ళు దిగి తొయ్యాల్సిందే. మా కొలతకు లేత్ మీద కొత్త రాడ్డు చేయించాడు.

బండి నడిచిన మొదటి రోజు నేనూ పావగడ పోయాను. బస్టాండు దగ్గర చెనిక్కాయల షావుకారి ఒకాయన బానెట్ తట్టి, బండి బాగుందే, నీదేనా అని నా మొగుణ్ణి అడిగాడు. చుట్టూ పది మంది ఉన్నారు. అవుననేస్తే సరిపోయేది.

"నాది కాదు సామీ, మా ఇంట్లో ఆమెది. ఆమె పుట్టింటి గొర్రెల్ని ఆమెకు చెప్పకుండా అమ్మి కొన్నాను. తప్పు చేసినాను" అన్నాడు.

షావుకారి బానెట్ మీది చెయ్యి తీసి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ మాట నాలుగు నెలల ముందే ఇంట్లో అనుంటే ఎంత బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆకలైతాండాది. ఇడ్లీ తిందాం పా" అన్నాను.

హోటలు దాకా ఆయన నా వెనకే నడిచాడు.