అడగకుండా పడే అన్నం

స్కాన్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ’ అని చూసి మొదట నవ్వొచ్చింది. మందు వాసన ఎరగని, లైబ్రరీ మూల సీటు వదలని మనిషిని నేను. ఆ కూర్చోవడం కూడా ఒక కారణమేనని డాక్టర్ అన్నాక నవ్వు ఆగింది. మూడు నెలలకు మళ్ళీ స్కాన్. అప్పటికీ తగ్గకపోతే తార్నాక హాస్టల్ ఖాళీ చేయించి ఇంటికి తీసుకుపోతానని అమ్మ తేల్చేసింది. పీహెచ్‌డీ ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చట. మళ్ళీ కూర్చోవడమే! కానీ పీహెచ్‌డీ గైడు ముందే నోరు విప్పలేని నేను అమ్మకేం ఎదురుచెప్తాను?

తిన్నది రాసుకునే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. పొద్దున్నే క్యాంపస్ చెట్ల కింద నడక, మధ్యాహ్నం ఒక్క గరిటె అన్నం. యాప్ రోజూ పచ్చ టిక్కు పెట్టి మెచ్చుకునేది. నెల దాటినా బరువు మాత్రం కదల్లేదు.

ఒక ఆదివారం, రోజూ పడుకునే ముందు రాసుకునే డైరీ వెనక్కి తిప్పుతుంటే దొంగ దొరికింది. ‘మెస్ అక్క ఇవాళ కూడా అడగకుండా ఇంకో గరిటె వేసింది. వద్దనలేకపోయాను.’ దాదాపు ప్రతి పేజీలో ఇదే. నేను అడిగింది కాదు కదా అని దాన్ని యాప్‌లో ఎక్కించనే లేదు.

మర్నాడు మొదటి గరిటె పడగానే ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టాను.

“ఏంది బిడ్డా, మంచిగ లేదా?” అంది మెస్ అక్క.

“మంచిగనే ఉన్నదక్కా. లివర్ల కొవ్వున్నదట,” అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

“లివర్లనా? మందు తాగుతవా?”

వరుసంతా ఘొల్లుమంది. వెనకనుంచి నా రూమ్మేట్, “తాగదక్కా! నువ్వేసే రెండో గరిటెకే ఎక్కింది దీనికి!” అని అరిచింది.

ప్లేటు అక్కడే పెట్టి పారిపోదామనుకున్నాను.

“నవ్వకుండ్రి,” అంది అక్క. “నోరు లేని పిల్ల, అడగలేక అర్ధాకలితో లేస్తుందేమోనని నేనే ఏస్తున్న. వద్దంటే అయిపోవు కద!”

మూడో నెల చివర స్కాన్‌లో గ్రేడ్ వన్ వచ్చింది. అమ్మకు ఫోన్ చేశాను.

“మొత్తం పోలేదు కద. వచ్చెయ్,” అంది.

“నేను రానమ్మా. ఈడనే తగ్గించుకుంట.”



“సరే, ఉండు. గట్లనే మీ గైడు ముందట గూడ మాట్లాడు మరి,” అంది అమ్మ.