ఎడమ చేత్తో ఆడిన అమ్మాయి

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. మా అమ్మ దిష్టి తీసి పడేసిన నిమ్మకాయను చెప్పుతో పక్కకు నెట్టి పనికి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ నాకు అలాంటి నమ్మకాలు లేవు. పైగా, నేను చెప్పబోయే దాంట్లో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. ఉన్నదల్లా నేనే. నాకు అంతుబట్టనిదీ అదే.

తొంభైల మధ్యలో, డిగ్రీ కాగానే, సిద్దిపేటలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పనికి కుదిరాను. మసూద్ సార్ తన ఇంటి ముందుగదిలోనే దాన్ని నడిపేవారు. వెనక భాగంలో ఆయనా, భార్య నసీమ్ ఉండేవారు. ఆమెను మేం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. మధ్యలో చిన్న వాకిలి. వంటింటి కిటికీలోంచి చూస్తే మా గది, తలుపు పక్కనున్న కంప్యూటర్, దాని ముందు కూర్చున్న మనిషి కనిపిస్తారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. గుడిలోకి వెళ్లినంత భక్తిగా వెళ్లేవాళ్లం.

మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేను. బాపు తన స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చినవాళ్లందరికీ "మా శోభ కంప్యూటర్ సార్" అని చెప్పుకునేవాడు. మేడమ్ అనాలని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు.

పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. మధ్యాహ్నమంతా ఖాళీ. ఆ ఖాళీలోనే నాకు ఆట అలవాటైంది. తెర పైనుంచి రకరకాల ముక్కలు దిగుతుంటాయి. బాణం గుర్తుల మీటలతో వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది. అంతే ఆట. వేళ్లకు వేగం వస్తుందని సారే ఆడమన్నారు. నెల తిరిగేసరికి అన్నం తినడం కూడా మర్చిపోయి ఆడుతున్నాను. కళ్లు మూసుకుంటే రెప్పల వెనక ముక్కలు దిగేవి. బస్సులో కూర్చుంటే ఎదుటి మేడల మధ్య సందుల్లో ఏ ముక్క సరిపోతుందా అని చూసేదాన్ని.

మొదట కుడిచేతి బొటనవేలు తిమ్మిరెక్కింది. తర్వాత మణికట్టు. ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుంటే వేళ్లు దాన్ని వదిలేశాయి. నేను వదల్లేదు, వేళ్లే వదిలేశాయి. జడ అల్లుకోలేకపోయాను. సుద్దముక్క పట్టి బోర్డు మీద నా పేరు కూడా రాయలేకపోయాను.

దవాఖానలో డాక్టరు చేయి అటూ ఇటూ వంచి చూసి, నరాలు కాదు, కండరాలను పట్టి ఉంచే తాళ్లు వాచాయన్నాడు. ఒకే కదలికను పదేపదే చేస్తే అలా అవుతుందట. చేతికి పట్టీ కట్టాడు. వేడినీళ్ల కాపడం పెట్టమన్నాడు. కంప్యూటర్‌ను ముట్టుకోవద్దన్నాడు. ఇలాగే ఆడితే ఆ చేత్తో గరిటె కూడా తిప్పలేవని భయపెట్టాడు.

ఇంటికి వచ్చి ఏడ్చాను. చేయి నొప్పికి కాదు, ఆట పోయినందుకు. ఆ సంగతి అమ్మకు అర్థమైంది. ఊళ్లో ఉంటే నేను ఆగనని చింతమడకలో ఉన్న మా మేనత్త దగ్గరికి పంపింది. కొత్త బ్యాచ్ మొదలయ్యేదాకా నా జాగా నాకే ఉంచుతానని మసూద్ సార్ మాట ఇచ్చారు.

అత్తమ్మ ఇంట్లో నాకు ఏ పనీ చెప్పలేదు. ఎడమ చేత్తో చెంచా పట్టి తినడం, పడుకోవడం, అంతే. మధ్యాహ్నం తిన్నాక ముందరి అర్రలో మంచం వాల్చేది. తను పక్కనే గోడకు ఆనుకుని చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చునేది. బయట ఎండ తెల్లగా ఉండేది. ఎక్కడో పొలంలో మోటరు ఆగకుండా నడుస్తుండేది. నేను పైకప్పు పెంకులను చూస్తూ పడుకునేదాన్ని. కాసేపటికి ఆ పెంకులు ఒక్కొక్కటే విడిపోయి నా మీదికి మెల్లగా దిగడం మొదలుపెట్టేవి. భయం వేసేది కాదు. దూదిలా దిగేవి.

అప్పుడు మోటరు చప్పుడు కంప్యూటర్ హోరుగా మారేది. నేను సెంటర్‌లో కూర్చుని ఉండేదాన్ని. కాళ్ల కింద గచ్చు చల్లగా తగిలేది. బాణం మీటలు కుడి చివర ఉంటాయి కాబట్టి కుర్చీని పక్కకు జరుపుకుని, ఎడమ చేయి చాచి ఆడేదాన్ని. కుడిచేయి పట్టీతో ఒళ్లో ఉండేది. ఏ ముక్క ఎటు పోవాలో నాకంటే ముందు వేళ్లకే తెలిసేది. అంత సుఖం నాకు మెలకువలో ఎప్పుడూ తెలియదు. నీళ్లలో వెల్లకిలా తేలుతున్నట్టు ఉండేది. కిటికీకి కట్టిన పసుపు రంగు పూల పరదా గాలికి ఊగేది. మా సెంటర్‌లో ఉన్నది ఆకుపచ్చ పరదా. కలే కదా అనుకున్నాను.

ఒకరోజు అత్తమ్మ నన్ను తట్టి లేపింది.

"ఏందే బిడ్డా, నిద్రల ఎడమ చెయ్యి గట్ల ఆడిస్తున్నవ్? తబలా కొడ్తున్నవా?"

చూసుకుంటే నా ఎడమ చేతి వేళ్లు ఇంకా మంచం పట్టె మీద కదులుతున్నాయి.

కుడిచేయి రోజురోజుకూ తేలికైంది. కానీ చెంచా తప్ప ఏదీ పట్టని ఎడమచేయి నొప్పి మొదలుపెట్టింది. మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు. అదే వరుస. వాపు కంటికి కనిపించేంతగా వచ్చింది. భయపడి అత్తమ్మ నన్ను తీసుకుని సిద్దిపేటకు వచ్చింది. డాక్టరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇది వద్దంటే దాంతో ఆడినవా అమ్మా?" అన్నాడు.

ముట్టుకోలేదని చెప్పాను. నమ్మలేదని ఆయన ముఖంలోనే తెలిసింది. ఎడమచేతికీ పట్టీ కట్టాడు.

అటునుంచి అటే సెంటర్‌కు వెళ్లాం. మసూద్ సార్ వాకిట్లో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. ఎడమచేతి పట్టీ మీద ఆయన చూపు పడింది.

"ఇంకో అమ్మాయితోని మాట్లాడిన శోభా. సోమవారం నుంచి ఆమె వస్తది," అన్నారు.

ఎందుకని అడిగితే నేలచూపులు చూశారు. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆయన గొంతులో. "చెయ్యి బాగలేదంటివి. సరే అన్న. మరి రోజు మధ్యాహ్నం వచ్చి గా ఆటనే ఆడితే ఏమనాలె? నమాజుకు పోయి వచ్చి చూస్తే మానిటర్ వేడిగుంటుండె."

లోపలినుంచి నసీమ్ ఆపా వచ్చింది. ఆమె ఎప్పుడూ నన్ను చూస్తే చేయి పట్టుకునేది. ఆరోజు కొంచెం దూరంగానే నిలబడింది.

"నా మీద ఏం కోపం బేటీ? కిటికీల నుంచి పిలిస్తే పలుకవు. కుర్చీ పక్కకు జరుపుకుంటవ్, ఎడమ చెయ్యితోని ఆడుతవ్, పోతవ్. కుడిచెయ్యికి పట్టీ చూసి నా పానం ఉసూరుమనేది."

కలలోని కుర్చీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మకు కూడా.

అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. సంచి కింద పెట్టి ఆపా ఎదురుగా నిలబడింది. "గట్లెట్ల అంటవమ్మా? పిల్ల నా ఇంట్ల, నా కండ్ల ముంగట పండుకున్నది. ఒక్కనాడు గడప దాటలే. నా పిల్లల మీద ఒట్టు."

"నేను గూడ అల్లా మీద ఒట్టేసి చెప్తున్న అక్కా. నా కండ్లతోని చూసిన. మా శోభను నేను గుర్తుపట్టనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. అబద్ధమాడే మనుషులు కారు వాళ్లు. ఆడాల్సిన అవసరమూ లేదు. కాసేపటికి అత్తమ్మ గొంతు తగ్గింది. "అయితే ఆమె ఎవరు మరి?" అంది.

నేను చెప్పులు విడిచి గది లోపలికి చూశాను. కిటికీకి పసుపు రంగు పూల పరదా ఉంది. నేను చింతమడకకు వెళ్లాకే ఆపా దాన్ని కుట్టించిందట.

మసూద్ సార్ లేచి వెళ్లి, మేమందరం చూస్తుండగా కంప్యూటర్‌లోంచి ఆ ఆటను తీసేశారు. ఆట ఉన్న ఫ్లాపీని రెండుగా విరిచారు. "నాకేం సమజైతలేదు. కాని మీ అత్తమ్మ గట్ల ఒట్టేసినంక నిన్ను తీసేస్తే నాకు నిద్ర పట్టదు. నోటితోని పాఠం చెప్పు. మీటలు పిల్లలే కొడతరు," అన్నారు. సోమవారం రావలసిన అమ్మాయికి సాయంత్రం బ్యాచ్ ఇచ్చారు. నాకు పొద్దుటిది మిగిలింది.

మర్నాడు నేను మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ నా చేతులకు కాపడం పెడుతోంది. పొద్దువాలే వేళకు నసీమ్ ఆపా మా ఇంటికి వచ్చింది. ఆమె అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో నిలబడి నన్నూ, నా చేతులనూ చూసింది. అప్పుడు మెల్లగా చెప్పింది.

"ఇయ్యాల గూడ వచ్చింది."

వచ్చినామె కంప్యూటర్ ఆన్ చేయలేదట. నల్లటి తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుందట. ఆట కోసం ఎదురుచూస్తున్నట్టుగా. ఆపా ధైర్యం చేసుకుని వాకిలి దాటి వెళ్లేసరికి, లేచి నిలబడి, పరదాను ఒకసారి చేత్తో తాకి, బయటికి నడిచి వెళ్లిపోయిందట.

"ముఖం చూసినవా ఆపా?" అని అడిగాను.

"చూసిన. నీ ముఖమే. కాని చేతులకు పట్టీ లేదు బేటీ. రెండు చేతులు మంచిగున్నయ్."

ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. నాకు ఆ కల మళ్లీ రాలేదు. నా చేతులు నెమ్మదిగా బాగుపడ్డాయి, పూర్తిగా కాదు. చలికాలంలో ఇప్పటికీ మణికట్లు పట్టేస్తాయి. పెళ్లయ్యాక కూడా ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలే చెప్పాను. ఆటల జోలికి మాత్రం వెళ్లలేదు.

దీనికి కారణం చెప్పమని చదువుకున్నవాళ్లను అడిగాను. అలసట అన్నారు, భ్రమ అన్నారు. నా భ్రమ ఆపా కంటికి ఎలా కనిపించిందో, కల కన్నంత మాత్రాన చేయి ఎందుకు వాచిందో ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. కాకపోతే నొప్పి లేని రెండు చేతులతో ఆ వాకిలి దాటి వెళ్లిన అమ్మాయి గుర్తొచ్చినప్పుడు నాకు భయం వేయదు. ఎటు పోయిందో, ఇప్పుడెక్కడుందో ఎవరినైనా అడగాలనిపిస్తుంది. ఎవరిని అడగాలో తెలియదు.