కోనసీమకు త్వరలో రైలు

మా మామగారు పేపరు చదివేవారు కాదు, పేపరుతో మాట్లాడేవారు. పొద్దున్నే వసారాలో పడక్కుర్చీ వేసుకుని పెద్దక్షరాలన్నీ పైకి చదవడం, ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పడం. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మూడో తరగతి చదువు కూడా మరిచిపోయి ఉన్నాను. ఆయన చదువుతుంటే వాకిలి ఊడుస్తూ వెనకనుంచి తొంగిచూసి మళ్ళీ అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే ఇప్పటికీ నాకు పేపర్లో పెద్దక్షరాలే వస్తాయి. కిందవన్నీ చీమల బారు.

మాది రాజోలు పక్క పల్లె. "కోనసీమకు త్వరలో రైలు" అని రెండు మూడేళ్ళకోసారి పేపర్లో పడేది. పడినప్పుడల్లా ఆయన కళ్ళజోడు సవరించుకుని, "మా పెళ్ళికి మండపేట చుట్టాలు రైల్లోనే వస్తామన్నారు. ఇంకా దిగలేదు" అనేవారు. "కొబ్బరికాయ పడి మోటారు సైకిలు ధ్వంసం" అని ఉంటే, పాపం కాయకెలా ఉందో రాయలేదేమని బాధపడేవారు. "ఎండలు ముదిరాయి, నీళ్ళు తాగండి: అధికారులు" అని ఉంటే, ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పలేదని దాహంతో ఉండిపోయాను, ఓ గ్లాసు తెమ్మని నాకు కేకేసేవారు.

ఒకసారి "గోదావరి మధ్యలో ఆగిన పంటు, పెళ్ళికొడుకు అవస్థ" అని వచ్చింది. పంటు అంటే మా రేవుల్లో మనుషుల్నీ బళ్ళనీ కలిపి ఆవలి ఒడ్డుకు దాటించేది. ఆయన వంటింటి వైపు చెవి పెట్టి, కాస్త గొంతు పెంచి, "అదృష్టవంతుడు. ఆలోచించుకోడానికి గోదారి తల్లి టైమిచ్చింది" అన్నారు.

లోపలినుంచి మా అత్తగారు పోపు వేస్తూనే అన్నారు: "మీరొచ్చిన రోజున పంటు బాగానే నడిచిందండి. నా ఖర్మ."

ఆ మాట కోసం ఆయన అదే వార్తను మూడు రోజులు చదివారు.

చదివేసిన పేపర్లు మా ఇంట్లో తూకానికి వెయ్యరు. అత్తగారు వాటిని వంటింటి అలమర్లలో పరిచేవారు. పాతది తీయరు, దానిమీదే కొత్తది. తీస్తే చీమలొస్తాయని ఆవిడ నమ్మకం. ఊరగాయ జాడీల కింద ఎన్నేళ్ళ పేపర్లు ఉన్నాయో ఆవిడకే తెలియదు. మిగిలినవి కట్టలు కట్టి అటకెక్కించేవారు.

ఆవిడ పోయేనాటికే మామగారికి మరుపు మొదలైంది. పోయాక ఎక్కువైంది. పొద్దున్నే లేచి, "మీ అత్తయ్యేదమ్మా?" అని అడిగేవారు. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పాం. చెప్పిన ప్రతిసారీ ఆయనకు అదే మొదటిసారి. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చునేవారు. నాలుగోసారి అలా జరిగాక మా ఆయన, ఇంక చెప్పొద్దు, ద్రాక్షారామం వెళ్ళిందని చెప్పు అన్నారు. అది బాగా పనిచేసింది. భీమేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళిందంటే ఎవరు కాదంటారు? సాయంత్రానికి వచ్చేస్తుందిలే అనుకుని కాఫీ తాగేవారు. సాయంత్రానికి అడిగిన సంగతే మరిచిపోయేవారు.

పేపరు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. లోపలి పేజీల్లో శ్రద్ధాంజలి ఫొటోలు ఉంటాయి కదా. ఆయన ఈడువాళ్ళంతా ఒక్కొక్కరే అందులోకి చేరుతున్నారు. అల్లవరం స్నేహితుడి ఫొటో చూసి రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు ఆ పేపరే మళ్ళీ కనిపిస్తే మళ్ళీ ఏడ్చారు. ఈ రోజు పేపరు రాలేదండీ అంటే గేటు దగ్గర నిలబడి ఎదురుచూసేవారు.

అప్పుడు నాకు అటక గుర్తొచ్చింది. నిచ్చెన వేసుకుని ఓ కట్ట దింపి, దుమ్ము దులిపి, రోజుకొకటి మడత పెట్టి ఇచ్చాను. ఎంత హాయిగా చదివారని! రైలు త్వరలో వస్తోంది, పంట కాలవ త్వరలో బాగుచేస్తారు, కొబ్బరి ధర పడిపోయింది. అది ఏ ఏడాది పేపరో చెప్పమంటే ఆయనే కాదు, మతి ఉన్న మేమూ చెప్పలేం. జవాబులు కూడా పాతవే వచ్చేవి. మాటలు వెతుక్కునే మనిషి, మండపేట చుట్టాల మాట మాత్రం తడబడకుండా అనేవారు. వంటింట్లో నేను నవ్వుకుంటూ కళ్ళు తుడుచుకునేదాన్ని.

ఇచ్చే ముందు మొదటి పేజీ పెద్దక్షరాలు చూసుకునేదాన్ని. చావులూ తుఫాన్లూ లేకపోతే మంచిదే అనుకునేదాన్ని. లోపల తిప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. అత్తగారి పెద్దకర్మ నాటి పేపర్లు మా ఆయన బీరువాలో దాచారు. ఒకటి అటక కట్టలో కలిసిపోయిందని మాకెవరికీ తెలియదు.

ఆ రోజు వసారాలో చప్పుడు లేదు. చదువూ లేదు, జవాబూ లేదు. చేయి కడుక్కుని వెళ్ళి చూస్తే లోపలి పేజీ ఒళ్ళో ఉంది. పట్టుచీరలో అత్తగారు, కింద ఇంటిల్లిపాది పేర్లు.

ఆయన చాలాసేపు చూశారు. కాగితం అంచు వేళ్ళతో నలిపి చూశారు. పసుపు పచ్చగా మారి ఉంది.

"ఇది పాత పేపరా అమ్మా?"

అబద్ధం నోటిదాకా వచ్చి రాలేదు. "ఆయ్. పాతదేనండి మావయ్యగారూ."

"అయితే అప్పుడే ఏడ్చేసుంటాను కదా."

"ఏడ్చేరండి. మూడు రోజులు అన్నం ముట్టలేదు."

తల ఊపారు. లెక్క సరిపోయినట్టు ఊపారు. ఫొటో నలగకుండా పేజీ లోపలికి మడిచి నా చేతికిచ్చారు. "ఇది మాత్రం అలమర్లో పరవకు. జాడీ మచ్చ పడుద్ది" అన్నారు.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పి ఏడ్చాను. తిట్టలేదు.

తెల్లవారితే ఎలాగా అని నాకు బెంగ. మామగారు లేచారు, మొహం కడుక్కున్నారు, కుర్చీలో కూర్చున్నారు. ముందురోజు సంగతి మొహంలో ఎక్కడా లేదు.

"మీ అత్తయ్యేదమ్మా?"

"ద్రాక్షారామం వెళ్ళేరండి."

"బస్సుకెళ్ళిందా?"

ఎందుకన్నానో తెలియదు. "కాదండి. రైలుకెళ్ళేరు" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. మీసం కింద పాత నవ్వు కదిలింది. "కోనసీమ రైలుకా?"

"ఆయ్."

"అయితే ఇప్పట్లో రాదు" అని, పేపరుకోసం చేయి చాపారు.

ఆ తర్వాత ఆయన ఏడెనిమిది నెలలు ఉన్నారు. అత్తగారి గురించి మళ్ళీ నన్ను అడగలేదు. మొన్న అలమర్లు దులిపాను. చీమలు రావని తెలిసినా పాత పేపర్లు తీయలేదు. వాటిమీదే కొత్తది పరిచాను. అందులోనూ రైలు ఉంది, త్వరలోనేనట.