పేరు లేని సీసా కోసం మెదక్ నుంచి టేక్మాల్ దాకా

మెదక్ చర్చి, ఖిల్లా, ఏడుపాయల మూడూ ఒక్క రోజులో చూసి రావొచ్చా అని ఈ బ్లాగులో ఇద్దరు ముగ్గురు అడిగారు. రావొచ్చు. కానీ నేను వెళ్లింది వాటిని చూడటానికి కాదు. మా చిన్నమ్మ కూతురు పద్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, మీ మరిది పొలంల మందు కొట్టి పడిపోయిండు. మెదక్ దవఖానకు తీసుకొచ్చినం. నువ్వు జర రా," అంది. ఎన్ని కష్టాలు పడ్డా ఎవరినీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు పద్మ. ఆ "జర రా" విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు.

జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సులు తరచుగానే ఉంటాయి. నర్సాపూర్ మీదుగా రెండున్నర గంటలు పడుతుంది. కిటికీ వైపు కూర్చుంటే నర్సాపూర్ అడవి బాగుంటుందని మామూలుగా అయితే రాసేదాన్ని. ఆ రోజు అడవి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

మంచం మీద పద్మ భర్త మల్లేశం చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. నోటి నుంచి చొంగ కారుతుంటే పద్మ కొంగుతో తుడుస్తోంది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నన్ను చూడగానే పక్కకు పిలిచింది. "లక్షణాలు చూసి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టినం. కానీ రెండు మందులు కలిపి కొట్టిండట. పేర్లు వీళ్లకు తెల్వవు. అవి తెలిస్తే నాకు చెయ్యి కట్టేసినట్టుండదు. సీసా అన్న తెండ్రి, దాని మీది కాగితం ఫొటో అన్న పంపండ్రి," అంది.

సీసా ఉంది. పద్మ సంచిలోంచి తీసి చూపించింది. అది కూల్ డ్రింక్ సీసా, అడుగున ఇంత తెల్లటి నురుగు. మల్లేశం, పక్క పొలం కిష్టయ్య కలిసి మందులు కొంటారట. చిన్న మడులకు ఒక్కొక్కరికి పెద్ద సీసా ఎక్కువవుతుంది, అందుకని చెరి సగం. కంపెనీ సీసా, పొడి పొట్లం కిష్టయ్య దగ్గర ఉండిపోతాయి, మల్లేశం సగం ఇలా చేతికి దొరికిన సీసాలోకి వస్తుంది. చుట్టుపక్కల అందరూ ఇలాగే పంచుకుంటారు, అందులో తప్పేముందన్నట్టు చెప్పింది పద్మ. "చేత్తోనే కలిపిండు అక్కా. కట్టెతోటి తిప్పితే పొడి మందు కరగదంటడు," అని కూడా అంది. కిష్టయ్య ఫోన్ ఎత్తడం లేదు. పద్మ మంచం వదిలి కదలలేదు. నేనే బయల్దేరాను.

వాళ్ల పొలాలున్న టేక్మాల్ వైపు బస్సులు ఉన్నాయి కానీ వాటి కోసం నిలబడే ఓపిక లేదు. ఆటోకు పోనూ రానూ తొమ్మిది వందలకు ఒప్పందం. డ్రైవర్ ప్రభుదాసు చర్చి వెనక గల్లీలో ఉంటాడట. విషయం విని కిరాయి బేరం అక్కడే ఆపేశాడు. "మా చర్చిల పాట ఎత్తుకునే అన్న గిట్లనే పడిపోయిండు మేడం. బతికిండు గానీ దమ్ము చాలక ఇప్పుడు ఎనక వరసల కూసుంటుండు," అన్నాడు. ఏడుపాయలకు పోయే బండ్లు కొంత దూరం మాతో వచ్చి మళ్లిపోయాయి. వాటిలో ఆడవాళ్లు నవ్వుకుంటూ పోతుంటే నాకు ఒళ్లు మండింది, వాళ్ల తప్పేమీ లేకపోయినా.

ముందు వాళ్లు కొనే పురుగుమందుల దుకాణంలో ఆగాం. మల్లేశం పేరు చెప్పగానే యజమాని ముఖం తిప్పేశాడు. "దినాం ఎందరో వస్తరు. ఎవలికేమిచ్చిన్నో నాకెట్ల యాదుంటది?" అన్నాడు. అంతలోనే ఒక రైతు కవర్లో పట్టుకొచ్చిన వరి పిలకను తీసి చూపించాడు. యజమాని దాన్ని ముట్టుకోలేదు కూడా. వెనక్కి తిరిగి బల్ల మీది నుంచి ఒక సీసా, ఒక పొట్లం తీసి, "రెండు కలిపి కొట్టు, సాఫ్ అయితది," అన్నాడు. మనిషి పడిపోయాడని చెబితే గుర్తురాని మందు, పిలకను ఓరకంట చూడగానే గుర్తొచ్చింది. నోటికి వచ్చినవి నాలుగు అన్నాను. ఆయన చిల్లర లెక్క చూసుకుంటూ కూర్చున్నాడు.

ఊరు దాటాక పొలం గట్టు దగ్గర ప్రభుదాసు ఆటో ఆపాడు. కిష్టయ్య మడిలో ఉన్నాడు. వీపున పంపు, ఒంటి మీద బనీను, ఉత్త కాళ్లు. మందు కొడుతున్నాడు. తన దోస్తు దవఖానలో పడి ఉంటే అదే మందు, అదే రోజు. కేక వేస్తే గట్టెక్కి వచ్చాడు.

"మల్లేశానికి ఎట్లున్నదమ్మా? నేను గిది అయిపోంగనే వచ్చేటోన్నే. వరిల పడ్డ మొగిపురుగు మనం దవఖానకు పోయినమని ఆగుతదా? వాడు సగంల ఇడిసిపెట్టిండు, వాని మడి సుత కొట్టేసిన," అన్నాడు.

తిడదామనుకున్నాను. అది సాయమే కదా, ఏమని తిట్టను.

సీసా గట్టు మీద బురదలో పడి ఉంది, పక్కనే చింపిన పొట్లం. చెయ్యి చాచబోతే ప్రభుదాసు ఆపి, ఆటోలోంచి బ్రెడ్డు కవర్ తెచ్చాడు. "చేతికి తొడుక్కోండ్రి మేడం." బురద తుడిస్తే ఎర్ర ముక్కోణం, దాని పైన పుర్రె గుర్తు. కింద చీమలంత అక్షరాల్లో పేరు, తొడుగులు వేసుకోవాలని, గాలికి ఎదురుగా కొట్టొద్దని, చివర విరుగుడు. అన్నీ రాసే ఉన్నాయి.

"ఇది ఎప్పుడన్నా చదివినవా అన్నా?" అని అడిగాను.

"చదువొచ్చు నాకు. కండ్లకు ఆనదు. ఆనినా ఏం జేస్తం? తొడుగు తొడిగితే పంపు పిడి జారుతది. మూతికి గుడ్డ కడితే ఊపిరాడది. గది రాసినోన్ని గీ ఎండల ఒక్క పంపు కొట్టి చూపియ్యుమనుండ్రి."

సీసా, పొట్లం రెండింటినీ ఫొటోలు తీశాను కానీ పొలంలో సిగ్నల్ లేదు. రోడ్డెక్కాక గానీ పద్మ ఫోనుకు చేరలేదు. సీసాను, పొట్లాన్ని కవర్లో చుట్టి మాతోనే తెచ్చాం.

సాయంత్రానికి మల్లేశం కళ్లు తెరిచాడు. పేర్లు తెలిశాక అనుమానాలు తీరాయని, గండం గడిచినట్టేనని, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండాలని, చేతుల వణుకు ఎప్పుడు పోతుందో మాత్రం చెప్పలేనని డాక్టరమ్మ అంది. "వదినా, ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు మల్లేశం. వెంటనే పద్మ వైపు తిరిగి, "మిగిలిన మడి ఎట్ల?" అన్నాడు. కిష్టన్న కొట్టిండని పద్మ చెప్పగానే ముఖం తేటపడి నిద్రలోకి జారుకున్నాడు. ఆ ఇద్దరి సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తిరుగు బస్సు ఎక్కేదాకా తేలలేదు. పిలకకే వైద్యం తెలిసిన దుకాణం మీదా, చీమలంత అక్షరాలు అచ్చేసి చేతులు దులుపుకున్న కంపెనీ మీదా, బువ్వ పంచుకున్నట్టు విషం పంచుకునే స్నేహం మీదా? ఊళ్లో అయినవాళ్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట చెబుతాను. మందు పంచుకోక తప్పకపోతే, మూత తీయకముందే సీసా మీది కాగితాన్ని ఇద్దరి ఫోన్లలోనూ ఫొటో తీయించండి. దవఖానకు పోవాల్సి వస్తే మనిషితో పాటు సీసానూ తీసుకెళ్లండి.

బయల్దేరేటప్పుడు పద్మ దారిలో తాగమని ఒక కూల్ డ్రింక్ సీసా నిండా నీళ్లు పోసిచ్చింది. పొద్దున సంచిలో చూపించిన సీసా ఏం చేశావే అని అడిగాను.

"సబ్బు పెట్టి మంచిగ కడిగి పెట్టిన. ఇది వేరేది అక్కా."

ఆ కడిగిన సీసాను పారేయమన్నాను. "సరే తియ్," అంది, చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు. ఇంటికి చేరేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది. పద్మ ఇచ్చిన నీళ్ల సీసా మూత నేను తీయలేదు.