కుడివైపే అరిగే కారు

శుక్రవారం మధ్యాహ్నం పోస్టాఫీసు వెనక పోస్టుమాస్టరు గోర్డన్, ఊళ్లకి టపా పంచే ఐలా హౌతల కారు చుట్టూ తిరిగి చూశాడు. ఎడమవైపు టైర్లు చూసి తల ఊపాడు. కుడివైపుకి వచ్చి ఆగిపోయాడు.

"ఇదేంటి ఐలా, అటు గడ్డం, ఇటు గుండూనా?"

"ఇంకో నెల లాగుతాయనుకున్నాను."

"రేపు అడుగు మంచు పడుతుందంటున్నారు. ఈ టైర్లతో టపా సంచులు ఎక్కించనివ్వను. పొద్దున ఏడింటికి కొత్తవి కనిపించకపోతే నీ రూటు డ్వేన్ తిప్పుతాడు."

ఐలా సెలవు పెట్టిన రోజున ఆమె బదులు వెళ్లేవాడు డ్వేన్. చెడ్డవాడేం కాదు, కాకపోతే కారు దిగడు. కొండ మీద ఒంటరిగా ఉండే ఐనో పెల్టోకి శనివారం టపాలో గుండె మాత్రలు వస్తాయి. మంచు పడ్డ రోజుల్లో ఐలా వాటిని చేతపట్టుకుని పైకి ఎక్కి ఇచ్చి వస్తుంది. డ్వేన్ అయితే కొండ కింద పెట్టెలో పడేసి పోతాడు. దిగొద్దని ఎంత చెప్పినా ఐనో వినదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, కిందటి ఏడాది అలా దిగే తుంటి విరగ్గొట్టుకుంది.

పంతొమ్మిదేళ్లుగా ఐలాది అరవై నాలుగు మైళ్ల రూటు. మూడు వందల ఎనభై పెట్టెలు. అంతకుముందు అదే రూటు వాళ్ల నాన్న ఆర్వో తిప్పేవాడు. స్టీరింగ్ ఎడమవైపు ఉండే సొంత కారులో కుడి సీట్లో కూర్చుని, ఎడమ కాలు పెడల్స్ మీదికీ ఎడమ చెయ్యి స్టీరింగ్ మీదికీ చాచి, కుడి చేత్తో కిటికీలోంచి రోడ్డు పక్క టపా పెట్టె తెరవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. టైర్ల సంగతీ ఆయనే చెప్పాడు. "ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. అంతే. వైపు మార్చావో, లోపలి తీగలు విడిపోతాయి." ఐలా ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ప్రతి ఆదివారం తన తలుపు పక్క టైరు గాడిలో సెంటు నాణెం తలకిందులుగా దూర్చి, దాని మీది బొమ్మ నెత్తి మునిగిందో లేదో చూసుకునేది. ఏడాది తిరిగేసరికి నెత్తి బయటపడేది. అప్పుడు కుడివైపు రెండు టైర్లు కొనేది. ఎడమవైపువి రెండేళ్లు నడిచేవి.

ఎందుకలా అని అడిగితే తలా ఒక మాట చెప్పారు. గోర్డన్ చక్రాలు వంకరన్నాడు. మూడుసార్లు సరిచేయించింది. తమ్ముడు గాలి తక్కువన్నాడు. రోజూ కొలిచింది. "నువ్వు కుడిపక్కే కూర్చుంటావుగా, బరువంతా అటే" అన్నాడు డ్వేన్. ఆ మాటకి నెలరోజులు తిండి తగ్గించింది కూడా. కిందటి చలికాలంలో నాలుగు చక్రాలూ లాగే కారు కొంది. వేసవికల్లా అది మలుపు తిరిగినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో పెద్ద దుకాణానికి వెళ్తే కౌంటరు మీది కుర్రాడు ఊపిరాడకుండా చెప్పుకుపోయాడు.

"అన్ని కాలాలవి ఉన్నాయి, అన్ని వాతావరణాలవి ఉన్నాయి, చలికాలంవి ఉన్నాయి. ఏవి కావాలండీ?"

"కాలాలకీ వాతావరణాలకీ తేడా ఏంటి బాబూ?"

"చాలా ఉందండీ."

ఆ తేడా మాత్రం చెప్పలేదు. కుడివైపుకి రెండు చాలంటే, ఈ కారుకి రెండు అమ్మనన్నాడు. ఎందుకని అడిగితే కంప్యూటరు ఒప్పుకోదన్నాడు. నాలుగు తెప్పించాలంటే మంగళవారం. ఐలా బయటికొచ్చి కారెక్కింది. ఆకాశం అప్పటికే బూడిదరంగుకి దిగింది.

చివరికి ఊరి చివర టైర్లు వేసే రూబెన్ షెడ్డుకి పోనిచ్చింది. అతనిది ఐలా వాళ్ల నాన్న ఈడు. మాట అడిగితే గాని నోరు విప్పడు. గ్లవ్స్ తీసి నాలుగు టైర్ల మీదా అరచెయ్యి రాశాడు.

"వీటిని అడ్డంగా ఎప్పుడైనా మార్చావా? కుడివి ఎడమకి?"

"వైపు మార్చకూడదుగా?"

"ఎవరన్నారు?"

"నాన్న."

రూబెన్ తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "ఆర్వో సరిగ్గానే చెప్పాడు. నలభై ఏళ్ల కిందటి టైర్లకి."

"మరి చక్రాలు వంకరన్నారు?"

"తిన్నగానే ఉన్నాయి. నువ్వే రోజంతా రోడ్డు ఓరన కంకర మీద పోతున్నావు. అది నీ ఉద్యోగం, కారు తప్పు కాదు."

ఇన్నేళ్లూ తప్పు కారుదో తనదో నాన్నదో తేల్చుకోలేక ఐలా గడియారం చూసుకుంది.

"సరే, రెండు వేసి పంపెయ్, రూబెన్. పొద్దున ఏడింటికి..."

"వెయ్యను."

"నువ్వూ అదే అంటావేం!"

రూబెన్ సుద్దముక్కతో ముందు చక్రాలు రెండింటికీ సరిగ్గా నేల తాకే చోట గీత గీశాడు. గేరు తప్పించి, "తొయ్యి" అన్నాడు. ఇద్దరూ కలిసి షెడ్డు ముందున్న వాకిట్లో ఎడమ చక్రం పదిసార్లు తిరిగేదాకా తోశారు. ఎడమ గీత మళ్లీ నేల తాకింది. కుడి గీత జానెడు దాటిపోయి ఉంది.

"చూశావా? అరిగినది చిన్నది, ఎక్కువ తిరగాలి. నీ పాత కార్లు దీన్ని ఓర్చుకున్నాయి. ఇది నాలుగింటినీ కట్టేసి లాగుతుంది, మధ్యలో గేర్లు నలిగి చస్తున్నాయి. మూలుగుతోంది కదూ?"

"వేసవి నుంచీ!"

"అదే."

నూరడుగులు కూడా తొయ్యని ఆ సుద్దముక్క ఆటతో పంతొమ్మిదేళ్ల చిక్కు విడిపోవడం ఐలాకి నమ్మబుద్ధి కాలేదు. వంగి రెండో గీతని మళ్లీ చూసింది.

"ఏ రకం వేస్తావు? కాలాలవా, వాతావరణాలవా?"

"టైరు పక్కన కొండ మీద మంచు బొమ్మ ఉన్నవి, మంచులో పట్టు జారనివి. నాలుగున్నాయి."

"మరి బాగున్న ఎడమవి రెండూ పారెయ్యాలా?"

"డ్వేన్ కారుకి వేస్తా. వాడిది ముందు చక్రాలే లాగే బండి. కొలత ఇదే. నెలరోజులుగా పాత టైర్ల కోసం నా ప్రాణం తీస్తున్నాడు."

"అయితే నా రూటు మీద నా టైర్లతోనే తిరుగుతాడన్నమాట."

"నీ సెలవు రోజున."

చీకటి పడేలోపు నాలుగూ ఎక్కించాడు. పసుపు సుద్దతో ఒక్కో టైరు మీద ఒక్కో అంకె వేశాడు. "మూడు వేల మైళ్లకోసారి రా. అడ్డంగా మారుస్తా" అన్నాడు. నాన్న వింటే ఏమనేవాడోనని ఐలా అంకెల వంక చూస్తూ ఉండిపోయింది.

పొద్దున ఏడింటికి గోర్డన్ చీపురుతో మంచు తోస్తూ నాలుగు టైర్లూ చూసి తలుపు తెరిచాడు. కొండ కింద మలుపు దగ్గర ఐలా చెవులు రిక్కించింది. కారు మూలగలేదు. మాత్రల పొట్లం పట్టుకుని దిగి, అలవాటుగా కుడివైపు వెనక్కి చూసింది. కారు వచ్చిన దారిలో మంచు మీద రెండు చాళ్లు, రెండింటికీ ఒకే లోతు. కుడిదేదో ఎడమదేదో ఒక్క క్షణం తెలియలేదు.

పైన తలుపు తెరుచుకుంది. "దిగనా?" అని కేకేసింది ఐనో.

"కదిలావంటే ఊరుకోను!" అంటూ ఐలా ఎక్కడం మొదలుపెట్టింది.