పేరమ్మ కొక్కేనికి అడ్డొచ్చిన ఏసీ

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లెల్లో పేరమ్మ అల్లిన వలకు ఒక పేరుంది. ఆమె వేసిన ముడి జారదు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పక్కన కూర్చుని వలసూది పట్టింది, యాభై దాటినా దించలేదు. ఇల్లు కట్టేటప్పుడు అందరూ దేవుడి గూడు ఎక్కడని చూసుకుంటే, ఈమె మాత్రం తాపీమేస్త్రీ నెత్తిన నిలబడి గుమ్మానికి ఎదురు గోడలో ఇనుప కొక్కెం పెట్టించింది. వలను దానికి తగిలించి, రెండో కొసను వీధి కిటికీ ఊచకు బిగలాగి కడితేనే కన్నులన్నీ ఒక్క కొలతకు వస్తాయి. బయట అల్లితే గాలికి దారం చిక్కుపడుతుంది.

సరిగ్గా ఆ కొక్కెం ముందే ఏసీ వచ్చి తిష్ఠ వేసింది. గోడకు తగిలించేది కూడా కాదు, బీరువా అంత ఎత్తున నేల మీద నిలబడేది. పేరమ్మ మొగుడు రమణయ్య వేట మానేసి ఓ కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. ఆ కంపెనీవాళ్ళు పాత సామాను అమ్మేస్తుంటే కొనుక్కొచ్చి, వచ్చినవాళ్ళకు గుమ్మంలోంచే కనపడాలని ఎదురుగా నిలబెట్టించాడు. ఊరంతా వచ్చి చూసిపోయింది. చల్లగాలి ఎవరికి చేదు? పేరమ్మకూ నచ్చింది. నచ్చనిదల్లా అది నిలబడ్డ చోటు.

"ఇంకా వలలేందిమే? ఉజ్జోగస్తుడి పెళ్ళానివి, గమ్మున కూసో," అన్నాడు రమణయ్య.

ఆ మాటకు పేరమ్మ ఒళ్ళు మండింది. ఈయన వేట మానుకుంటే మానుకున్నాడు, తన చేతుల్ని మానమనడానికి ఈయనెవరు? చేపల వేట నిషేధం తీరడానికి పన్నెండు రోజులే ఉంది. పడవలు కదిలేలోగా, ఊళ్ళో పడవున్న హజరత్తయ్య అల్లమన్న వల పూర్తిచేసి ఇవ్వాలి. నాలుగు రోజులు వీధి అరుగు మీద, వలను సగానికి మడుచుకుని అల్లింది. ఐదోరోజు లాగి చూస్తే ఒక పక్క కన్నులు పెద్దవి, ఇంకో పక్క చిన్నవి. తన ముడులు తానే కోసి పారేయడం ఆమెకు అదే మొదలు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడవలేదు, నెల్లూరుకు ఫోన్ చేసింది.

మర్నాడు రమణయ్య డ్యూటీకి పోగానే మెకానిక్ జీవానందం వచ్చాడు. ఏసీని తలుపు పక్క మూలకు మార్చమంది పేరమ్మ. అతను పెదవి విరిచాడు.

"రాగి పైపు సాలదక్కా. కొత్తది తేవాల, వారం పడతాది. అయినా సారుకు చెప్పినారా?"

పేరమ్మ ఇంటి వెలుపలికి నడిచింది. ఏసీ బయటిపెట్టె వెనకాల, మిగిలిన పైపును గుండ్రంగా చుట్టి కట్టేసి ఉంది. ఆ చుట్ల వెంబడి వలదారం పోనిచ్చి, రెండు చేతులూ చాచి ఆ దారాన్ని బారలతో కొలిచింది. తర్వాత గోడ వెంబడి మూలదాకా కొలిచింది.

"నాలుగు బారలుండాది. కావాల్సింది మూడుంబావు. వలలోళ్ళకు కొలతలు చెప్పబాక నాయనా. సారుకు నేను చెప్పుకుంటాలే, నువ్వు బిగించు."

జీవానందం నమ్మక టేపు తీశాడు. టేపు కూడా పేరమ్మ మాటే చెప్పింది. ఇక గ్యాసు బయటిపెట్టెలోకి లాగాడు, పైపులు విప్పాడు, మూల గోడకు కొత్త కన్నం వేశాడు. మధ్యాహ్నానికి ఏసీ మూలన నిలబడి చల్లగాలి కొట్టింది. పేరమ్మ కొక్కెం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

సాయంత్రం రమణయ్య వచ్చేసరికి హాలుకు అడ్డంగా వల. అది దాటితే గానీ వంటింట్లోకి పోలేడు.

"ఏసీ ఏదిమే?"

"నీ పక్కనే, తలుపు సాటున."

"ఆడ పెడితే ఎవురికి కనపడతాది?"

"కనపడేదానికి అదేమన్నా పెళ్ళికూతురా? సల్లంగా ఉండాదా లేదా?"

"రేపు మా పైసారు వస్తానన్నాడు. తీసెయ్ ఆ వల."

"రానీ. తియ్యను. హజరత్తయ్యది అయినాక ఇంకోరిది కడతా. ఈ కొక్కెం నాది మావా."

రమణయ్య గొంతు చించుకున్నాడు. పేరమ్మ ముడి మీంచి చూపు తిప్పలేదు. అరిచి అరిచి ఆయనకు ఆకలేసింది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది.

"వొంగి రా మావా," అంది పేరమ్మ. "సూసుకోని రా. ఒక్క కన్ను తెగిందంటే నీ సేతే అల్లిస్తా."

రమణయ్య కంపెనీ టోపీ తీసి చేత్తో పట్టుకుని, వల కింద నుంచి వంగి లోపలికొచ్చాడు.